ఇంటి కంప్యూటర్‌లో స్పైవేర్: పట్టుకోవడం, తొలగించడం

కంప్యూటర్ వాడేవారికి తెలియకుండానో, తెలిసీ తెలియక ఇచ్చిన అనుమతితోనో అందులో చేరి, వారేం చేస్తున్నారో గమనిస్తూ ఆ వివరాలను బయటి సర్వర్లకు చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను స్పైవేర్ అంటారు. ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారు, కీబోర్డు మీద ఏం కొడుతున్నారు, బ్రౌజర్‌లో ఏ పాస్‌వర్డులు దాచుకున్నారు, కెమెరా ముందు ఎవరున్నారు అన్నవి దానికి కావలసిన సంగతులు. చాలా వైరస్‌ల మాదిరిగా అది ఫైళ్లను పాడుచేయదు. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకాలన్న తొందర కూడా దీనిలో చాలా రకాలకు ఉండదు. చప్పుడు చేయకుండా ఉన్నచోటే ఉండడం దానికి లాభం.

స్కానర్ ఒకటి తెచ్చి నడిపించి, "ఏమీ దొరకలేదు" అని తెర మీద కనబడగానే పని అయిపోయిందనుకోవడం ఇళ్లలో మామూలు. చిక్కల్లా ఆ మాట ఎవరు చెబుతున్నారన్న దగ్గరే ఉంది. స్పైవేర్ సోకిన విండోస్‌ను 'నీలో ఎవరైనా ఉన్నారా' అని అడిగితే, వచ్చే జవాబు ఆ స్పైవేర్ చేతుల మీదుగానే రావచ్చు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సోకిన యంత్రం మాట నమ్మకుండా దాన్ని పరీక్షించడం ఎలా అన్న ప్రశ్న చుట్టూనే ఈ పాతికేళ్లలో తొలగింపు పద్ధతులన్నీ పెరిగాయి.

తొలినాళ్లు

ఉచిత సాఫ్ట్‌వేర్ వ్యాపారం స్పైవేర్‌కు పుట్టినిల్లు. ప్రోగ్రామ్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, ప్రకటనలు చూస్తే చాలు అన్న ఒప్పందం మీద 1990ల చివర్లో బోలెడు సాధనాలు వచ్చాయి. ఎవరికి ఏ ప్రకటన చూపాలో తేల్చుకోవడానికి అవి వాడకందారుల వివరాలు సేకరించి పంపేవి. అమెరికన్ ప్రోగ్రామర్ స్టీవ్ గిబ్సన్ తన యంత్రంలో ఆరియేట్ అనే సంస్థ ప్రకటనల భాగం చేరిందని గమనించి, దాన్ని ఊడబెరకడానికి 2000లో ఆప్ట్‌ఔట్ అనే చిన్న సాధనం రాశాడు. స్పైవేర్ తొలగింపుకంటూ పుట్టిన తొలి సాధనాల్లో అదొకటి. లావాసాఫ్ట్ వారి యాడ్-అవేర్, పాట్రిక్ కొల్లా రాసిన స్పైబాట్ సెర్చ్ అండ్ డిస్ట్రాయ్ ఆ దశాబ్దంలో ఇంటింటికీ చేరాయి. నెట్ సెంటర్ నడిపినవారికి ఈ రెండూ బాగా గుర్తుండే పేర్లు.

అప్పటి స్పైవేర్ ముసుగు వేసుకుని వచ్చేది కాదు, నవ్వుతూ వచ్చేది. బొంజీ బడ్డీ అనే ఊదారంగు గొరిల్లా తెర మీద తిరుగుతూ జోకులు చెప్పేది, పాటలు పాడేది. పిల్లలకు అదంటే ప్రాణం. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలు సేకరించినందుకు దాని యజమానుల చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2004లో 75,000 డాలర్ల జరిమానా కట్టించింది. గేటర్ అనే ప్రోగ్రామ్ పాస్‌వర్డులు గుర్తుపెట్టుకుంటానంటూ దిగి, వార్తాపత్రికల సైట్ల మీద తన ప్రకటనలను పాప్ చేసేది. పత్రికా సంస్థలు 2002లో దావా వేశాయి, కేసు మరుసటి ఏడు రాజీతో ముగిసింది. ఆ ఏడే ఆ సంస్థ క్లారియా అని పేరు మార్చుకుంది. పాటలు పంచుకునే కజా లాంటి ప్రోగ్రామ్‌ల వెంట ఇలాంటివి గుంపుగా దిగేవి. ఏఓఎల్ సంస్థ, నేషనల్ సైబర్ సెక్యూరిటీ అలయన్స్ కలిసి 2004లో అమెరికన్ ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు పరీక్షిస్తే, నూటికి 80 యంత్రాల్లో ఏదో ఒక స్పైవేర్ బయటపడింది. వాటి యజమానుల్లో అత్యధికులకు ఆ సంగతే తెలియదు.

ఇంత తేలిగ్గా చొరబడడానికి దారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇచ్చింది. యాక్టివ్‌ఎక్స్ భాగాలు ఒక్క 'ఎస్' నొక్కుతో కంప్యూటర్‌లోకి దిగేవి. 1997లో వచ్చిన బ్రౌజర్ హెల్పర్ ఆబ్జెక్ట్ అనే ఏర్పాటు వల్ల బయటి ప్రోగ్రామ్ ఏదైనా బ్రౌజర్ లోపల కూర్చుని ప్రతి పేజీనీ చదవగలిగేది. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్ వచ్చేదాకా పాప్-అప్‌లను ఆపే ఏర్పాటు గానీ, బ్రౌజర్‌లో ఏమేం తగిలించి ఉన్నాయో చూపే పట్టిక గానీ ఎక్స్‌ప్లోరర్‌లో లేవు.

మనిషి చదివే జాబితా

ఆ కాలపు మొండి శత్రువు కూల్‌వెబ్‌సెర్చ్. హోం పేజీని మార్చేది, మళ్లీ సరిచేస్తే మళ్లీ మార్చేది. వారానికో కొత్త రూపం వచ్చేది కాబట్టి స్కానర్ల పాత జాబితాలు దాన్ని పట్టలేకపోయేవి. నెదర్లాండ్స్ విద్యార్థి మెరైన్ బెల్లెకోమ్ దానికోసమే సీడబ్ల్యూష్రెడ్డర్ రాశాడు. అంతకన్నా పెద్ద మేలు అతని హైజాక్‌దిస్ చేసింది. అది మంచిచెడ్డల తీర్పు చెప్పదు. బయటివాళ్లు జొరబడే అవకాశమున్న చోట్లన్నీ తిరిగి, అక్కడ ఏముందో వరుసగా రాసి చూపిస్తుంది.

ఆ జాబితా చదవడం ఒక విద్య. ఆర్0, ఆర్1 అని మొదలయ్యే పంక్తులు హోం పేజీ, సెర్చ్ పేజీలవి. ఓ1 అంటే హోస్ట్స్ ఫైలులో మార్పు, ఓ2 అంటే బ్రౌజర్ హెల్పర్ ఆబ్జెక్ట్, ఓ4 అంటే కంప్యూటర్‌తోపాటు తనంతట తాను మొదలయ్యే ప్రోగ్రామ్. ఓ10 పంక్తి దగ్గర మాత్రం చెయ్యి వెనక్కు లాక్కోవాలి. నెట్ రాకపోకలు సాగే విన్‌సాక్ గొలుసులో దూరినవి అక్కడ కనిపిస్తాయి. వెబ్‌హాన్సర్ లాంటివి ఆ గొలుసులో కొక్కేల్లా ఉండేవి. ఫైలును చెరిపేస్తే గొలుసు తెగి నెట్ మొత్తం ఆగిపోయేది. రోగం కుదిరింది, రోగి కదల్లేదు అన్న స్థితి. దాన్ని సరిచేయడానికి ఎల్ఎస్‌పీఫిక్స్ అనే వేరే సాధనం రావలసి వచ్చింది. తర్వాత విండోస్‌లోనే విన్‌సాక్ రీసెట్ ఆదేశం వచ్చింది, ఇప్పటికీ పనికొస్తుంది. హైజాక్‌దిస్‌ను 2007లో ట్రెండ్ మైక్రో కొన్నది. 2012లో దాని సోర్స్‌ను అందరికీ వదిలేసింది. విండోస్ మారిపోవడంతో అది పాతబడింది కానీ, 'ఏం చెడ్డదో చెప్పకు, ఏముందో చూపించు' అనే దాని పద్ధతి ఈనాటికీ ఈ పనిలో అన్నిటికన్నా నమ్మదగినదని నా అభిప్రాయం.

దాచిపెట్టే కళ

2005 అక్టోబర్ 31న విండోస్ నిపుణుడు మార్క్ రసినోవిచ్ ప్రకటించిన సంగతి మొత్తం రంగాన్ని కుదిపింది. సోనీ బీఎంజీ పాటల సీడీని కంప్యూటర్‌లో పెడితే, నకళ్లు తీయకుండా అడ్డుకునే ఎక్స్‌సీపీ అనే సాఫ్ట్‌వేర్ లోపలికి దిగి, విండోస్ కళ్లు గప్పి కూర్చుంటోంది. డాలర్ గుర్తు, 'సిస్', మళ్లీ డాలర్ గుర్తు, ఈ వరుసతో పేరు మొదలైతే చాలు, ఆ ఫైలు ఎవరికీ కనబడదు. ఆ చాటున ఏ దొంగ ఫైలునైనా దాచుకోవచ్చు. ఇతర దొంగ ప్రోగ్రామ్‌లు కొద్ది రోజుల్లోనే ఆ పనిచేశాయి కూడా. చేత్తో తీసేయబోతే సీడీ డ్రైవే కనబడకుండా పోయింది. సోనీ ఇచ్చిన తొలగింపు సాధనం ఇంకో రంధ్రం తెరిచింది. ఈ సాఫ్ట్‌వేర్ ఉన్న సీడీలు సుమారు 47 లక్షలు తయారై 21 లక్షలు అప్పటికే అమ్ముడయ్యాయి, మిగిలినవి వెనక్కు పిలిపించారు.

రసినోవిచ్ దాన్ని పట్టిన తీరు గమనించదగ్గది. అతని రూట్‌కిట్‌రివీలర్ ఒకే ప్రశ్నను రెండు చోట్ల అడిగింది. డిస్కులో ఏ ఫైళ్లున్నాయని విండోస్‌ను అడిగింది, తర్వాత విండోస్‌ను పక్కనపెట్టి డిస్కును నేరుగా చదివింది. రెండు జవాబులకూ తేడా ఎక్కడ వస్తే అక్కడ ఎవరో దాక్కున్నట్టే. సేఫ్ మోడ్‌లో తెరిచి చూడడం, విండోస్ మొదలుకాకముందే స్కాన్ చేయడం, డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి పరీక్షించడం, ఇవన్నీ ఆ ఆలోచనకు వేరువేరు రూపాలే. మైక్రోసాఫ్ట్ 2004 డిసెంబర్‌లో జెయింట్ అనే చిన్న సంస్థను కొని, దాని సాధనాన్ని విండోస్ డిఫెండర్‌గా మార్చింది. 2012లో విండోస్ 8తో అది పూర్తి స్థాయి యాంటీవైరస్ అయింది. అయినా మైక్రోసాఫ్ట్ భద్రతా నిపుణులే 2004 నుంచి ఒక మాట రాస్తూ వచ్చారు: లోతుగా సోకిన యంత్రాన్ని శుభ్రం చేశామనుకోవడం భ్రమ, చెరిపేసి మళ్లీ ఎక్కించడమే మార్గం.

ఇప్పుడు చేయవలసిన పని, వరుస

వరుస తప్పితే శ్రమంతా వృథా. మొదట వైఫై ఆపాలి. తర్వాత ఆ కంప్యూటర్‌ను వదిలేసి ఫోన్‌లో గానీ, శుభ్రంగా ఉన్న ఇంకో యంత్రంలో గానీ ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతా పాస్‌వర్డులు మార్చాలి. సోకిన యంత్రంలోనే కూర్చుని కొత్త పాస్‌వర్డ్ కొట్టడమంటే దొంగకు తాజా నకలు ఇచ్చినట్టు. చాలామంది చేసే పని సరిగ్గా ఇదే: శుభ్రం చేసేశామన్న నమ్మకంతో అదే యంత్రంలో, అదే పూట.

ఫొటోలు, పత్రాలు మాత్రమే బయటి డిస్కులోకి తీసుకోవాలి. ఇన్‌స్టాలర్లు, జిప్ ఫైళ్లు, 'క్రాక్' ఫోల్డర్లు వద్దు. ఆ పైన ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామ్‌లను తేదీ వరుసలో పెట్టి చూడాలి. తంటా మొదలైన రోజు దగ్గర దిగినవేవో అక్కడే బయటపడతాయి. చాలా కేసులు ఇక్కడో, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలోనో తేలిపోతాయి.

ఎక్స్‌టెన్షన్ల దగ్గర ఒక చిక్కుంది. నిన్నటిదాకా మంచిది రేపు చెడ్డది కావచ్చు. వాడని ట్యాబులను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్‌కు లక్షల మంది వాడకందారులుండేవారు. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమైనదని ప్రకటించి క్రోమ్‌లో ఆపేసింది. కాబట్టి 'ఇది ఎప్పటినుంచో ఉందిలే' అన్నది కారణం కాదు. ఎక్స్‌టెన్షన్‌ను తీయబోతే తీయనివ్వకుండా, 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అన్న అర్థం వచ్చే మాట ఇంటి కంప్యూటర్‌లోని బ్రౌజర్ చూపిస్తే, ఏదో ప్రోగ్రామ్ రిజిస్ట్రీలో పాలసీ రాసిందని అనుమానించాలి. యాంటీవైరస్‌లు కూడా కొన్ని అక్కడ రాస్తాయి గనుక, ముందు ఎవరు రాశారో చూసుకుని తీయాలి.

తెర మూలన నిమిషానికోసారి 'మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి' అంటూ మోగే ఎర్ర పెట్టె ఎక్కువసార్లు స్పైవేర్ కాదు. ఏదో సైట్‌లో సినిమా చూడబోతూ 'అలో' నొక్కిన పాపం. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల అనుమతుల జాబితా తెరిచి ఆ సైటును కొట్టేస్తే అర నిమిషంలో నిశ్శబ్దం. దీనికోసం ఫార్మాట్ కొట్టించుకున్నవారు ఊరికి పదిమంది ఉంటారు.

ఇప్పుడు స్కాన్. ముందుగా చూడవలసింది డిఫెండర్‌లోని ఎక్స్‌క్లూజన్స్ పట్టిక. ఇక్కడ రాసి ఉన్న ఫోల్డర్లను డిఫెండర్ ముట్టుకోదు. తమ ఫోల్డర్‌ను, ఒక్కోసారి సీ డ్రైవ్ మొత్తాన్ని, ఆ పట్టికలో రాసుకుని హాయిగా ఉండే దొంగ ప్రోగ్రామ్‌లు ఎన్నో. అవి రాయకపోతే మనమే రాసి ఉంటాం. పైరసీ సాఫ్ట్‌వేర్ వెంట వచ్చే రీడ్‌మీ ఫైలు మొదటి పంక్తిలోనే 'యాంటీవైరస్ ఆపేయండి' అని చెబుతుంది మరి. పట్టిక ఖాళీ చేశాక పూర్తి స్కాన్, తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. రెండోదానికి కంప్యూటర్ ఆగి, విండోస్ మొదలుకాకుండానే విడి వాతావరణంలో లేచి, పావుగంటసేపు డిస్కును చూస్తుంది. డిఫెండర్ సెట్టింగ్స్‌లో ఉండీ చాలామంది ముట్టుకోని మీట ఇది. రెండో అభిప్రాయానికి మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రూపం, బ్రౌజర్ చెత్తకు యాడ్‌డబ్ల్యూక్లీనర్, మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ సరిపోతాయి. ఈ చివరిది దిగిన పది రోజులకు చెల్లదు, మళ్లీ తాజాది తెచ్చుకోవాలి.

హైజాక్‌దిస్ వారసత్వం ఇప్పుడు ఆటోరన్స్‌ది. రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ రాసిన ఈ ఉచిత సాధనం, వారి సిస్‌ఇంటర్నల్స్ సంస్థను 2006లో కొన్న మైక్రోసాఫ్ట్ వద్ద ఉంది. కంప్యూటర్‌తోపాటు మొదలయ్యే ప్రతిదీ, అంటే రన్ కీలు, సర్వీసులు, షెడ్యూల్డ్ టాస్కులు, డ్రైవర్లు, ఒకే తెర మీద కనిపిస్తాయి. వందల పంక్తులు చూసి బెదరనక్కర్లేదు. మెనూలో మైక్రోసాఫ్ట్ పంక్తులను దాచమంటే సగానికి పైగా మాయమవుతాయి. మిగిలినవాటిలో గులాబీ రంగువి తయారీదారు సంతకం సరిగా లేనివి, పసుపువి ఫైలు లేకుండా పేరు మాత్రం మిగిలినవి. టాస్కుల విభాగంలో అర్థంలేని అక్షరాల పేరుతో, యాప్‌డేటా ఫోల్డర్‌లోంచి పవర్‌షెల్‌ను పిలిచే పంక్తి ఉంటే అక్కడ ఆగాలి. వెంటనే చెరపకుండా ఎదుటి టిక్కు తీసి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టి చూడడం మంచిది. టిక్కు తిరిగి వచ్చిందంటే, పెడుతున్న చెయ్యి ఇంకొకటి ఉన్నట్టు.

తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. రోమన్ మీటల నొక్కులను తెలుగు అక్షరాలుగా మార్చే కొన్ని పాత టైపింగ్ సాధనాలు ప్రతి నొక్కునూ మధ్యలో పట్టుకుని పనిచేస్తాయి. కీలాగర్ చేసేదీ మొదట అదే. పట్టుకున్నదాన్ని బయటికి పంపడంలోనే తేడా. అందుచేత స్కానర్ అలాంటి సాధనాన్ని అనుమానించినంత మాత్రాన అది దొంగ కాదు. అసలు తయారీదారు దగ్గర తెచ్చుకున్నదైతే ఉంచుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతూ వచ్చిన నకలైతే, అనుమానం నిజమో కాదో తేల్చే దారి ఇంట్లో ఎవరికీ ఉండదు. తీసేయడమే నయం.

దొంగ పోయాక మిగిలేది

ప్రోగ్రామ్‌ను తీసేసినా అది మార్చిన సెట్టింగులు ఉండిపోతాయి. దీనికి డీఎన్ఎస్‌ఛేంజర్‌ను మించిన ఉదాహరణ లేదు. ఎస్టోనియా ముఠా ఒకటి 100కు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్లలో, సైటు పేరును బట్టి దాని చోటు చెప్పే డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలను తమ సర్వర్లవిగా మార్చి, జనం అడిగిన సైట్ల బదులు తమకు డబ్బు వచ్చే చోట్లకు మళ్లించింది. 2011 నవంబర్‌లో ఎఫ్‌బీఐ వారిని పట్టించింది. కానీ ఆ దొంగ సర్వర్లను వెంటనే ఆపేస్తే లక్షల ఇళ్లలో నెట్ ఆగిపోతుంది. అందుకని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జూలై 9 దాకా నడిపారు. ఆ గడువు నాటికీ 2 లక్షలకు పైగా యంత్రాలు సరిచేసుకోకుండానే ఉన్నాయి. ఆ ముఠా ప్రోగ్రామ్ ఇంటి రౌటర్ల పాస్‌వర్డులను కూడా ఊహించి లోపలికి వెళ్లేది. రౌటర్‌ను బిగించిన రోజున ఉన్న 'అడ్మిన్, అడ్మిన్' ఇంకా అలాగే ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

2015 ఫిబ్రవరిలో బయటపడ్డ సూపర్‌ఫిష్ కథ ఇంకో రకం. లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో ముందే పెట్టి అమ్మిన ఈ ప్రకటనల సాఫ్ట్‌వేర్, బ్యాంకు సైట్ల తాళం గుర్తును సైతం నకలు చేయగల రూట్ సర్టిఫికెట్‌ను విండోస్‌లో చేర్చింది. అన్ని యంత్రాల్లోనూ తాళంచెవి ఒకటే, దాని పాస్‌వర్డును ఒక పరిశోధకుడు కొద్ది గంటల్లో కనిపెట్టాడు. సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అది పోయింది, సర్టిఫికెట్ మాత్రం పోలేదు. ఇలాంటి కథల వల్లే తొలగింపు చివర చూసుకోవలసిన చోట్లు ఏర్పడ్డాయి: విండోస్ ఫోల్డర్ లోపలి హోస్ట్స్ ఫైలు, ప్రాక్సీ, డీఎన్ఎస్, నమ్మదగిన రూట్ సర్టిఫికెట్ల జాబితా, ఆపైన రౌటర్.

పెన్‌డ్రైవ్‌ది వేరే గోల. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని వచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తాయి. అసలు ఫోల్డర్లు అక్కడే ఉంటాయి, దాగి ఉంటాయి. షార్ట్‌కట్‌ను తెరిస్తే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనక దొంగ ప్రోగ్రామూ నడుస్తుంది. ఫోల్డర్ తెరుచుకుంది కదా అని ఎవరికీ అనుమానం రాదు. దాగిన ఫైళ్లను చూపించమని ఎక్స్‌ప్లోరర్‌కు చెప్పి, అసలువాటిని నకలు తీసుకుని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి.

ఫార్మాట్ కొట్టించడం

పైన చెప్పినదంతా చేశాక కూడా అనుమానం మిగిలితే, లేదా సోకినది పాస్‌వర్డులు దోచే రకమని తేలితే, మళ్లీ ఎక్కించడమే దారి. విండోస్ 10, 11లలో 'రీసెట్ దిస్ పీసీ' ఉంది. అందులో 'అన్నీ తీసేయి' ఎంచుకుని, కొత్త నకలును మైక్రోసాఫ్ట్ దగ్గరినుంచే దింపే క్లౌడ్ డౌన్‌లోడ్ పద్ధతిని వాడాలి. 'నా ఫైళ్లు ఉంచు' అంటే దొంగ తెచ్చిన ఫైలు కూడా ఉండిపోవచ్చు. అంతకన్నా మంచిది శుభ్రమైన ఇంకో కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేసుకుని దానితో మొదలుపెట్టడం. డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి.

ఫార్మాట్‌కూ లొంగనివి ఉన్నాయి. మదర్‌బోర్డు చిప్‌లో కాపురం పెట్టే లోజాక్స్‌ను 2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టింది. అది ప్రభుత్వ కార్యాలయాల మీద గురిపెట్టిన గూఢచారుల సరుకు. సామాన్య గృహస్థు దానికి భయపడనక్కర్లేదు.

మన ఊళ్లలో అసలు ప్రమాదం ఫార్మాట్ చేసే చేతుల్లో ఉంది. లైసెన్స్ లేని విండోస్‌ను ఎక్కించి, యాక్టివేటర్ అనే దొంగ సాధనంతో దాన్ని నిజమైనదిగా చూపించి, ఆ సాధనం కోసం డిఫెండర్‌ను ఆపి ఇచ్చే దుకాణాలకు కొదవ లేదు. శుభ్రం చేయించుకుని తెచ్చుకున్న కంప్యూటర్ ఆ క్షణం నుంచే కాపలా లేకుండా ఉంటుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు లైసెన్స్ చాలావరకు మదర్‌బోర్డులోనే ఉంటుందని, అదే ఎడిషన్ ఎక్కిస్తే యాక్టివేటర్ అవసరమే రాదని దుకాణంలో అడిగి చేయించుకోవాలి. విండోస్ 10కు సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వచ్చి, దోచి, వెళ్లిపోయేవి

ఇటీవలి స్పైవేర్ తొలగింపు అనే మాటనే తికమక పెడుతోంది. రెడ్‌లైన్, లుమ్మా లాంటి సమాచార దొంగలు యంత్రంలో కాపురం పెట్టవు. కొద్ది నిమిషాల్లో బ్రౌజర్‌లోని పాస్‌వర్డులు, కుకీలు, క్రిప్టో వాలెట్లు మూటగట్టి పంపేసి, కొన్నిసార్లు తమను తామే చెరిపేసుకుంటాయి. మర్నాడు స్కాన్ చేస్తే ఏమీ ఉండదు, ఉండనవసరమూ లేదు. కుకీ చేతికొస్తే పాస్‌వర్డూ ఓటీపీ అడగకుండానే ఖాతా తెరుచుకుంటుంది. అందుకే పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకుండా, ప్రతి ఖాతాలోనూ 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' నొక్కాలి. రెడ్‌లైన్ సర్వర్లను 2024 అక్టోబర్‌లో అంతర్జాతీయ పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. లుమ్మా మీద 2025 మేలో దెబ్బ వేస్తూ, అంతకుముందు రెండు నెలల్లోనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు అది సోకిందని మైక్రోసాఫ్ట్ తెలిపింది. ఇవి వచ్చే దారుల్లో కొత్తది 'నేను రోబోను కాను' అనే నకిలీ పరీక్ష. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్, వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి అంటుంది. చెప్పినట్టు చేస్తే దొంగ ఆదేశాన్ని మనమే మన చేత్తో నడిపినట్టు.

కాపలా వేషంలో వచ్చేవారు పాతకాపులు. స్పైషెరిఫ్, విన్‌ఫిక్సర్ లాంటి నకిలీ తొలగింపు సాధనాలు లేని స్పైవేర్‌ను చూపించి డబ్బు గుంజేవి. నిజమైన యాంటీవైరస్ కూడా అన్నిసార్లూ ఆదర్శం కాదు. అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా వాడకందారుల బ్రౌజింగ్ వివరాలు అమ్మినందుకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో ఆ సంస్థ చేత 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఫోన్ చేసి 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం' అంటూ రిమోట్ సాఫ్ట్‌వేర్ పెట్టించేవారి సంగతి ఇంకా చిక్కు. ఎనీడెస్క్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ఆ సాఫ్ట్‌వేర్ సక్రమమైనదే కాబట్టి స్కానర్లు దాన్ని దొంగ అనవు. అమెరికాలో ఉన్న పిల్లలు ఊళ్లో అమ్మానాన్నల కంప్యూటర్ బాగుచేయడానికి పెట్టినదీ అదే కావచ్చు. ఎవరు పెట్టారో, పాస్‌వర్డ్ లేకుండా ప్రవేశించే అనుమతి ఉందో లేదో ఇంటివారే అడిగి తేల్చుకోవాలి.

మాక్ కంప్యూటర్లకు ఈ బెడద లేదనేది పాత నమ్మకం. 2017లో బయటపడ్డ ఫ్రూట్‌ఫ్లై ఏళ్ల తరబడి ఇళ్లలోని మాక్‌ల కెమెరాల్లోంచి బొమ్మలు తీసింది. మాక్‌లో చూడవలసినవి లాగిన్ ఐటమ్స్, లాంచ్ ఏజెంట్ల ఫోల్డర్లు, సెట్టింగ్స్‌లోని ప్రొఫైల్స్.

ఇంట్లోవాళ్లే పెట్టినప్పుడు

భర్త, మాజీ ప్రేమికుడు, బంధువు ఎవరైనా నిఘా కోసం పెట్టిన సాఫ్ట్‌వేర్ విషయంలో పై వరుసంతా తలకిందులవుతుంది. తీసేసిన క్షణాన అవతలివారికి తెలిసిపోతుంది, కోపం మనిషి మీదికి మళ్లవచ్చు. ఇలాంటి బాధితులతో పనిచేసే సంస్థలు, భద్రతా సంస్థలు కలిసి 2019లో స్టాకర్‌వేర్ వ్యతిరేక కూటమిగా ఏర్పడ్డాయి. తొలగించేముందు సురక్షితంగా ఉండే ఏర్పాటు చేసుకోమని, సాయం కోరడానికి ఆ యంత్రాన్ని వాడవద్దని వారు చెబుతారు.

మన దేశంలో సాయం, చట్టం

కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని మొదలుపెట్టింది. భారతీయ యాంటీవైరస్ సంస్థలు తయారుచేసిన తొలగింపు సాధనాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. ఫోన్ల కోసం ఎం-కవచ్, బ్రౌజర్‌లో హానికరమైన స్క్రిప్టులను పట్టే జేఎస్‌గార్డ్ హైదరాబాద్ సీ-డ్యాక్‌లో రూపొందాయి.

యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో హానికర ప్రోగ్రామ్ చొప్పించడం, సమాచారం తీసుకోవడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తాయి. అందుకు 5 కోట్ల రూపాయల దాకా నష్టపరిహారం తేల్చే అధికారం రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శికి ఉంది. మోసపూరితంగా చేసినట్టయితే 66వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. డబ్బు పోతే వెంటనే జాతీయ సైబర్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

ఫిర్యాదు చేసే ఉద్దేశం ఉన్నవారు మాత్రం స్కానర్ జోలికి పోకముందే ఆగాలి. శుభ్రం చేసిన కొద్దీ సాక్ష్యం చెరిగిపోతుంది, ఫార్మాట్ తర్వాత దాదాపు ఏమీ మిగలదు. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం అడుగుతుంది, ఆ పత్రంలో ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ కూడా రాయాలి. కాబట్టి తెర ఫొటోలు తీసి, తేదీలు రాసిపెట్టి, వీలైతే పాత డిస్కును విప్పించి అలాగే పక్కన పెట్టి, కొత్త డిస్కు మీద విండోస్ ఎక్కించుకోవడం మంచిది.